భూమి కంపిస్తే మా వీధి ఏం చేయాలి?

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు, భద్రాచలంలో మా అటక అంచునున్న స్టీలు గిన్నె వచ్చి పొయ్యి పక్కనే పడింది. పాలు కాగుతున్నాయి. గ్యాస్ కట్టేయాలని ఎవరికీ తోచలేదు, మెట్ల మీద తోసుకుంటూ కిందికి పరుగెత్తాం. ఊగుతున్నంతసేపూ బల్ల కింద దూరి తల కాపాడుకోవాలట, తర్వాత తెలిసింది.

ఇక్కడ 1969లో 5.7 కూడా వచ్చింది. గోదావరి 43 అడుగులంటే మొదటి హెచ్చరికని మా పిల్లలకూ తెలుసు. భూకంపానికి ఆ హెచ్చరికా ఉండదు కదండీ!

ఊగడం ఆగాక అందరం చేరడానికి వీధికో ఖాళీ స్థలం గుర్తించి బోర్డు పెట్టించండి. మాక్ డ్రిల్ ఆదివారం పెట్టండి, అప్పుడైతేనే అందరూ ఇళ్లలో దొరుకుతారు. బీరువాలు గోడకు బిగించుకోవడం మేం చూసుకుంటాం.

ఇట్లు,
భద్రాచలం వాసి