ఫిర్యాదు: టరెట్ (గురి ఎత్తు మార్చే చక్రం) మీది అంకెకు, స్టాఫ్ (కొలబద్ద) మీది కొలతకు పొంతన లేని రైఫిల్ స్కోప్ (గురి దుర్భిణి) గురించి

అమలాపురం మండలం,
డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.

కస్టమర్ సేవా విభాగం అధికారి గారికి,

విషయం: 6–24×50 రైఫిల్ స్కోప్‌లో ఎలివేషన్ లోపం, ప్రకటనకు భిన్నమైన రెటికిల్ (లోపలి గురి గీతలు), లోపలి తేమ – సొమ్ము వాపసు కోరుతూ.

అయ్యా,

గత ఫిబ్రవరిలో మీ సంస్థ దగ్గర 62,000 రూపాయలు చెల్లించి కొన్న స్కోప్‌లో ఎలివేషన్ టరెట్ తన మీద రాసి ఉన్నంత కదలడం లేదు. ఆ సంగతి కొలిచి, కాగితం మీద పెట్టి పంపినా, మీ సర్వీసు విభాగం వారు తప్పును నా రైఫిలు మీదికీ, నా బిగింపు మీదికీ, మా ప్రాంతపు గాలిలోని తేమ మీదికీ నెట్టి, ఏ పరీక్ష చేశారో ఒక్క ముక్క కూడా రాయకుండా స్కోప్‌ను తిప్పి పంపారు. ఫోనులో నాలుగుసార్లు మాట్లాడినా ఫలితం లేకపోవడంతో జరిగినదంతా వివరంగా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవవలసిందిగా కోరుతున్నాను.

నేను నీటిపారుదల శాఖలో 32 ఏళ్లు పనిచేసి రిటైరైన ఇంజనీరును. ఆ ఏళ్లలో ఎక్కువ భాగం గోదావరి డెల్టా కాలువ గట్ల మీద, డంపీ లెవెల్‌కు (ఎత్తుపల్లాలు కొలిచే దుర్భిణికి) కన్ను ఆనించే గడిచింది. దుర్భిణిలో ముందు క్రాస్‌వైర్లు నల్లగా తేటగా కనబడేలా కంటి వైపు కటకాన్ని సరిచేసి, ఆ తర్వాతే ఎదుటి స్టాఫ్ మీదికి ఫోకస్ తెచ్చి పారలాక్స్ (కన్ను కదిలితే గీత కూడా జరిగినట్టు కనబడే దోషం) పోగొట్టాలన్నది ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేర్చుకున్న పాఠం. మా నేల చాలా చదును. కాలువ అడుగు మైలుకు కొద్ది అంగుళాలకు మించి వాలని చోట రీడింగులో చిన్న తేడా వస్తే, చివరి ఆయకట్టు రైతు చేలోకి నీరు ఎక్కదు. పరికరం మీది అంకెను నమ్మి పనిచేసిన మనిషిని కనుకనే మీ స్కోప్ మీది అంకెనూ నమ్మాను.

నా దగ్గర లైసెన్సు ఉన్న .22 రైఫిలు ఉంది. చాలా ఏళ్లు 50 మీటర్ల దూరంలో పీప్ సైటుతోనే (చిన్న రంధ్రంలోంచి గురి చూసే సాధనంతోనే) కాల్చాను. రిటైరయ్యాక, నేను సభ్యుడిగా ఉన్న క్లబ్బులో 100, 200 మీటర్ల టార్గెట్ షూటింగు మొదలుపెట్టాను. .22 తూటాకు 200 మీటర్లు చాలా దూరం. సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయలుదేరే ఈ తూటా, రైఫిలును 50 మీటర్లకు జీరో చేసినప్పుడు (అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే తూటా పడేలా సరిచేసినప్పుడు), 200 మీటర్ల దగ్గర గురి గీతకు మీటరున్నరకు పైగా కిందికి దిగిపోతుంది. నా లెక్క ప్రకారం 100 మీటర్లకు ఏడుంపావు ఎమ్‌ఓఏ (ఒక ఎమ్‌ఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం), 200 మీటర్లకు 28 ఎమ్‌ఓఏ పైకి తిప్పాలి. టరెట్ ఒక్కో క్లిక్కుకు పావు ఎమ్‌ఓఏ చొప్పున అవి 29, 112 క్లిక్కులు. ఇంత తిప్పవలసిన ఆటలో స్కోప్‌కు ఉండవలసిన మొదటి గుణం, తిప్పినంత కదలడం. రెండోది, వెనక్కి తిప్పితే బయలుదేరిన చోటికి రావడం. మిగిలినవన్నీ వీటి తర్వాతే.

కొనే ముందు మీ అమ్మకాల ప్రతినిధిని ఈ విషయాలే ఈమెయిల్లో అడిగాను. టరెట్ కదలికను ఫ్యాక్టరీలో పరీక్షించి పంపుతారా, రెటికిల్‌లోని గీతలూ టరెట్ క్లిక్కులూ ఒకే కొలమానంలో ఉంటాయా, లోపల తేమ చేరకుండా నైట్రోజన్ నింపి సీలు వేసినదేనా అని అడిగితే, మూడింటికీ ‘అవును’ అన్న జవాబు వచ్చింది. ఫోనులో మాత్రం ఆయన మాటలన్నీ 24 రెట్ల మ్యాగ్నిఫికేషన్ చుట్టూనే తిరిగాయి. ఒలింపిక్ షూటర్లు వాడేది ఇలాంటిదేనని కూడా అన్నారు. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో దుర్భిణికి చోటే లేదు. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా, 2012లో లండన్‌లో గగన్ నారంగ్, 2024లో పారిస్ పోటీల్లో స్వప్నిల్ కుశాలే పతకాలు గెలిచింది అద్దాలు లేని పీప్ సైటుతోనే. ఆ మాట తప్పని నాకు అప్పుడే తెలుసు. కుర్రవాడి ఉత్సాహంలే అనుకొని ఊరుకున్నాను. అలా ఊరుకోవడం పొరపాటని ఇప్పుడు అనిపిస్తోంది. ఈ ఆటకు కొత్తగా వచ్చే పిల్లల తల్లిదండ్రులు ఆ మాట నమ్మే డబ్బు కడతారు.

మ్యాగ్నిఫికేషన్ ఎక్కువ ఉంటే గురి మెరుగవుతుందన్న ధోరణి మీ కేటలాగు నిండా ఉంది. ముందు అద్దం వ్యాసాన్ని మ్యాగ్నిఫికేషన్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం ఎంతో తెలుస్తుంది. 50 మి.మీ. అద్దానికి 10 రెట్ల దగ్గర అది 5 మి.మీ. ఉంటే, 24 రెట్ల దగ్గర 2 మి.మీ.కు కొద్దిగా పైన మాత్రమే. తల కాస్త పక్కకు జరిగితే బొమ్మ నల్లబడుతుంది. పైగా మాది చెరువులూ వరిచేలూ కమ్మిన నేల. పొద్దెక్కితే నీటి మీద నుంచి లేచే వేడి గాలికి 24 రెట్ల దగ్గర లక్ష్యం ఏటి అడుగున రాయిలా వణుకుతుంది. అలాంటప్పుడు నేను 12 రెట్లకు తగ్గించి కాలుస్తాను. తగ్గించినా గీతల కొలత మారకూడదనే ఫస్ట్ ఫోకల్ ప్లేన్ రెటికిల్ కోరాను. ఆ మాట మీరు నిలబెట్టుకున్నారు. అద్దం కూడా తేటగా, అంచుల దాకా రంగు చెదరకుండా ఉంది. ఉన్న మంచిని ఉన్నట్టు చెప్పడం నా బాధ్యత.

పెట్టె విప్పిన రోజే మొదటి తేడా కనిపించింది. మీ ప్రకటనలో రెటికిల్, టరెట్ రెండూ ఎమ్‌ఓఏ కొలతలో ఉంటాయని ఉంది. వచ్చిన స్కోప్‌లో టరెట్ ఎమ్‌ఓఏది, రెటికిల్ మాత్రం మిల్ గీతలది. ఒక మిల్ అంటే దాదాపు 3.44 ఎమ్‌ఓఏ. తూటా గీత మీద ఒకటిన్నర మిల్ కింద పడిందని కంటికి కనిపిస్తే, దాన్ని 3.44తో హెచ్చించి, వచ్చినదాన్ని నాలుగుతో హెచ్చిస్తే తప్ప ఎన్ని క్లిక్కులు తిప్పాలో తెలియదు. కొలమానం ఒక్కటే అయితే గీతలు లెక్కపెట్టి అంతే తిప్పేస్తారు. ఫోను చేస్తే ‘చిన్న గుణకారమే కదా సార్, నెల రోజుల్లో టరెట్ మార్చి పంపిస్తాం’ అన్నారు. ఆ టరెట్ నేటికీ రాలేదు.

అసలు లోపం ఏప్రిల్లో బయటపడింది. రేంజి మా ఊరికి కారులో ఒక రాత్రి ప్రయాణం. 50 మీటర్ల జీరో చూసుకొని, 112 క్లిక్కులు పైకి తిప్పి, 200 మీటర్ల టార్గెట్‌కు పది తూటాలు కాల్చాను. పదీ అరచేయి మూసేంత చోటులోనే పడ్డాయి గానీ, గుంపు మధ్యభాగం గురికి ఆరేడు సెంటీమీటర్లు కిందికి ఉంది. తూటాల బ్యాచి మార్చాను. గాలి పూర్తిగా ఆగేదాకా వేచి చూశాను. తేడా పోలేదు. తిరిగి 50 మీటర్లకు దింపి చూస్తే జీరో కూడా జరిగిపోయింది. నెల తర్వాత మళ్లీ వెళ్లి కాల్చినా ఇదే వరస. రెండు ప్రయాణాల ఖర్చు, తూటాల ఖర్చు ఒక ఎత్తయితే, 64 ఏళ్ల వయసులో నా చెయ్యి అదుపు తప్పిందేమోనని పడిన దిగులు మరో ఎత్తు.

అప్పుడు రైఫిలుతో నిమిత్తం లేకుండా స్కోప్‌ను ఒంటరిగా పరీక్షించాలని నిర్ణయించుకున్నాను. స్కోప్‌ను దాన్ని రైఫిలుకు పట్టి ఉంచే పట్టా, రింగులతో సహా విప్పి, వెల్డింగు షాపులో ఒక ఇనుప గర్డరు ముక్కకు బోల్టులతో బిగింపించి, ఆ గర్డరును మా పొలంలో పంపుసెట్టు సిమెంటు దిమ్మకు బిగించాను. అక్కడి నుంచి గట్టు వెంట స్టీలు టేపుతో 100 మీటర్లు కొలిచి, నా పాత లెవెలింగ్ స్టాఫ్‌ను నిలబెట్టాను. కొబ్బరి చెట్టు గాలికి ఊగుతుంది కనుక దాన్ని వదిలి, సిమెంటు స్తంభానికి కట్టాను. స్టాఫ్ నిలువును తాపీ మేస్త్రి తూకం గుండుతోనూ, స్కోప్ అడ్డమట్టాన్ని రసమట్టంతోనూ చూసుకున్నాను. నీటి మీద వేడి లేవక ముందే, ఉదయం ఆరు నుంచి ఏడు లోపల రీడింగులు తీశాను.

స్కోప్ కదలకుండా ఉన్నప్పుడు టరెట్‌ను పైకి తిప్పితే క్రాస్‌హెయిర్ (గురి గీతలు కలిసే చోటు) స్టాఫ్ మీద కిందికి దిగుతుంది. 100 మీటర్ల దగ్గర ఒక ఎమ్‌ఓఏ 29.1 మి.మీ. కాబట్టి 40 క్లిక్కులకు 291, 80కి 582, 120కి 873, 160కి 1,164 మి.మీ. దిగాలి. క్రాస్‌హెయిర్‌ను స్టాఫ్ మీద 2.000 మీటర్ల గుర్తు దగ్గర పెట్టి మొదలుపెడితే, 40 క్లిక్కులకు 287, 80కి 566, 120కి 836, 160కి 1,102 మి.మీ. మాత్రమే దిగింది. అంటే 40 ఎమ్‌ఓఏకు 62 మి.మీ. తక్కువ. తర్వాత 160 క్లిక్కులూ వెనక్కి తిప్పితే క్రాస్‌హెయిర్ 2.000 దగ్గరకు రాకుండా 1.985 దగ్గరే ఆగిపోయింది. ఐదు రోజులు, రోజుకు రెండుసార్లు చేశాను. స్టాఫ్ మీద రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూగా అవే రీడింగులు. నేను రేంజిలో తిప్పిన 112 క్లిక్కుల దగ్గర లోటు 33 మి.మీ. అదే 200 మీటర్లకు రెట్టింపై ఆరున్నర సెంటీమీటర్లవుతుంది. రేంజిలో నా తూటాలు కిందికి పడినదీ అంతే.

ఈ అంకెల్లో ఇంకొక సంగతి ఉంది, దాన్ని మీ సాంకేతిక విభాగం ప్రత్యేకంగా గమనించాలి. లోటు అంతటా ఒకే తీరున ఉంటే, ప్రతి లెక్కనూ ఒక స్థిర సంఖ్యతో హెచ్చించి వాడుకోవచ్చు. మొదటి 40 క్లిక్కులకు 287 కదిలినది, చివరి 40కి వచ్చేసరికి 266 మాత్రమే కదిలింది. పైకి పోయేకొద్దీ అడుగు చిన్నదవుతోంది. ఇది మర గాట్లలోనో, లోపలి గొట్టాన్ని నెట్టే స్ప్రింగులోనో ఉన్న దోషమని నా అభిప్రాయం. నేను విప్పి చూడలేదు. సీలు మీరు వేసినది వేసినట్టే ఉంది.

ఈ రీడింగులన్నీ పంపిన నెల రోజులకు వచ్చిన మీ జవాబులో మూడు కారణాలు ఉన్నాయి. రికాయిల్ (కాల్చినప్పుడు రైఫిలు వెనక్కి తన్నే) దెబ్బ అన్నారు. .22 రైఫిలు రికాయిల్ భుజానికి తెలిసీ తెలియనంత. అంతకు ఎన్నో రెట్ల దెబ్బ పడే పెద్ద బోరు రైఫిళ్లకు కూడా ఇదే స్కోప్ పనికొస్తుందని మీ కేటలాగే చెబుతోంది. రింగుల మరలు అతిగా బిగించానన్నారు. మీ పుస్తకంలో రాసిన 18 ఇంచ్-పౌండ్లు దాటకుండా టార్క్ రెంచితో బిగించాను, గొట్టం మీద నొక్కుడు గుర్తు ఒక్కటి కూడా లేదు. మూడోది తీరప్రాంతపు తేమ. దీనికి కొంచెం వివరంగా జవాబు చెప్పాలి.

ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన అద్దం మీద వెలుపల మంచు పట్టడం సహజం, గుడ్డతో తుడిస్తే పోతుంది. ఈ స్కోప్‌లో జులై నెలలో పట్టిన తేమ లోపలి వైపుది. ముందు అద్దం వెనక, కింది అంచున, ఆవగింజలంత చుక్కలు వరసగా నిలిచాయి. తుడిస్తే పోలేదు, ఎండపొడ తగిలితే మాయమై మర్నాటి ఉదయానికి మళ్లీ అక్కడే కనిపించాయి. నైట్రోజన్ నింపిన గొట్టంలోకి నీటి ఆవిరి చేరిందంటే ఓ-రింగు (సీలుగా ఉండే రబ్బరు చుట్ట) ఎక్కడో వదులైనట్టే. మాది గోదావరి లంకల నడుమ నేల, గాలిలో తేమ మాకు ఏడాది పొడవునా ఉండేదే. వాటర్‌ప్రూఫ్ అని రాసి అమ్మినప్పుడు తేమను కారణంగా చూపడం న్యాయం కాదు. గోరువెచ్చని నీటిలో ముంచితే బుడగలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిసిపోతుంది. నేనే ముంచితే, ముంచడం వల్లే పాడైందంటారని ఆ పరీక్ష చేయలేదు. మీరు చేసి, వీడియో తీసి పంపండి.

పారలాక్స్ చక్రం మీది దూరపు అంకెలు కూడా అసలు దూరాలతో సరిపోవడం లేదు గానీ, కన్ను అటూ ఇటూ కదిపి చూసి చేత్తో సరిచేసుకోగలను కనుక దాన్ని ఫిర్యాదులో చేర్చడం లేదు.

నేను కోరుతున్నది 62,000 రూపాయల వాపసు, స్కోప్‌ను రెండుసార్లు మీకు పంపిన కొరియరు ఖర్చు. సొమ్ముకు బదులు వేరే స్కోప్ ఇస్తామంటే, దాని టరెట్‌ను కనీసం 40 ఎమ్‌ఓఏ వరకు తిప్పి కొలిచిన పరీక్షా పత్రం, మీ సాంకేతిక అధికారి సంతకంతో, పెట్టెలో ఉంటేనే తీసుకుంటాను. రెటికిల్, టరెట్ల కొలమానం గురించి మీ ప్రకటనలో ఉన్న తప్పును సరిదిద్దాలి. ఒలింపిక్ షూటర్ల పేరు చెప్పి స్కోపులు అమ్మడం మాన్పించాలి.

లేఖ అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద నేను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేస్తాను. ఆ చట్టం ప్రకారం కొన్న వస్తువులో నాణ్యత లోపమూ, ప్రకటనలో తప్పుదారి పట్టించే మాటలూ రెండూ విచారణకు వస్తాయి. బిల్లు, మీ ప్రతినిధి ఈమెయిల్, ఐదు రోజుల రీడింగుల పట్టిక, స్టాఫ్ మీద క్రాస్‌హెయిర్ కనబడే ఫోటోలు, లోపలి తేమ చుక్కల ఫోటోలు జతచేశాను.

మీ సాంకేతిక సిబ్బందిలో ఎవరైనా స్వయంగా వచ్చి చూస్తామంటే, గర్డరు ఇంకా దిమ్మకు బిగించే ఉంది. వచ్చే రోజు ముందుగా తెలియజేసి, ఎండ ఎక్కకముందే రీడింగులు పూర్తయ్యేలా ఉదయం ఆరు గంటలకల్లా పొలానికి చేరుకోవలసిందిగా మనవి.

భవదీయుడు,
విశ్రాంత ఇంజనీరు, నీటిపారుదల శాఖ.