అడవికి విత్తనం ఎక్కడిదైతే ఏముంది అన్నావు కదా

ఒరేయ్ రాంబాబూ,

నీ మెసేజ్ చూసి నవ్వాగలేదు. "వరికైతే విత్తనం చూసుకోవాలి గానీ అడవిలో దానంతటదే పెరిగే చెట్టుకి ఏదైతే ఏముందిరా, దానికి నీకు కెనడాలో జీతం కూడానా" అంటావా! ఫోన్లో చెబితే మధ్యలోనే క్రికెట్‌లోకి దూకేస్తావు, అందుకే రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

ఇక్కడ బ్రిటిష్ కొలంబియాలో ఎటు చూసినా లాడ్జ్‌పోల్ పైన్ అనే సూదాకుల చెట్లే. ఉత్తరాన కెనడా కొసనున్న యూకాన్ నుంచి దక్షిణాన కాలిఫోర్నియా దాకా ఉంటాయి. చూడ్డానికి ఇక్కడి చెట్టుకీ అక్కడి చెట్టుకీ పెద్ద తేడా తెలీదు. 1974లో ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన 140 చోట్ల నుంచి తెచ్చిన విత్తనాలతో పెంచిన మొక్కల్ని 60 చోట్ల నాటించాడు. అంటే చలిప్రాంతం మొక్క వెచ్చటి చోట, వెచ్చటి చోటిది చలిలో, అన్నీ కలగలిపి. ఇలాంటి ప్రయోగానికి ఫలితం రావాలంటే దశాబ్దాలు ఆగాలి, నాటించినవాడు రిటైరైపోతాడు, ఆ లెక్కలు మాలాంటివాళ్ళు ఇప్పటికీ వాడుకుంటున్నారు. తేలిందేమిటంటే, బాగా ఉత్తరాది విత్తనం ఎంత సుఖమైన చోట పెట్టినా పొట్టిగానే ఉండిపోయింది, దక్షిణాది విత్తనాన్ని ఉత్తరాన పెడితే చలికి దెబ్బతింది.

ఎందుకో చెప్తా, అసలు మజా ఇక్కడే ఉంది. ఈ చెట్టుకి బతుకంతా ఒకటే బేరం: ఎప్పటిదాకా పెరగాలి, ఎప్పుడు ఆపాలి. ఆలస్యంగా ఆపితే పొడుగు పెరిగి పక్కచెట్టుని దాటి ఎండ అందుకుంటుంది, కానీ ముందే చలి వస్తే లేత కొమ్మ మాడిపోతుంది. అందుకని చలి వచ్చాక ఆపడం కాదు, రాత్రుళ్ళు పెరుగుతున్నాయని పసిగట్టి, ఇంకా ఎండ కాస్తుండగానే కొసన మొగ్గ కట్టేసుకుని ఆ ఏటికి చాలించేస్తుంది. రాత్రి ఎంత పొడవైతే చాలించాలి అన్నది దాని జన్యువుల్లోనే ఉంది, ఆ లెక్క ప్రాంతాన్ని బట్టి మారుతుంది. జనవరిలో మైనస్ 40ని కూడా లెక్కచెయ్యని చెట్టే, ఎదుగుతున్న సమయంలో మైనస్ 5కి దెబ్బతింటుంది. మా ల్యాబ్‌లో దీన్ని కొలిచే పద్ధతి చూస్తే నువ్వు పడీపడీ నవ్వుతావు. సూదుల్లాంటి ఆ ఆకుల్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, కాస్త నీళ్ళతో సీసాల్లో వేసి, ఫ్రీజర్లో గంటగంటకీ చలి పెంచుతూ పోతాం. కరిగాక ఆ నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూస్తాం. కణాలు పగిలితే లోపలి ఉప్పు బయటికొస్తుంది, కరెంటు ఎక్కువ పారుతుంది. అంతే, ఏ మొక్క ఎంత చచ్చిందో లెక్క తేలిపోతుంది. పనిలో సగం వేలికొనలకి జిగురు కడుక్కోవడమే అనుకో.

ఇప్పుడు నువ్వు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, నువ్వు అడగవు కాబట్టి నేనే అడుగుతా. పైన్ పుప్పొడి గాలికి కొండలు దాటి పోతుంది కదా, అలాంటప్పుడు జన్యువులన్నీ కలిసిపోయి చెట్లన్నీ ఒకేలా అయిపోవాలి కదా? నిజంగానే డీఎన్ఏలో చాలా భాగం చూస్తే ఆ కొండ చెట్టుకీ ఈ కొండ చెట్టుకీ పెద్దగా తేడా ఉండదు. కానీ చలికి సంబంధించిన గుణాలు మాత్రం చోటుని బట్టి గట్టిగా విడిపోయి ఉంటాయి. ఒక్కో చెట్టు జీవితంలో వేలకొద్దీ గింజలు రాలుస్తుంది, పెద్దయ్యేవి ఏ ఒకటో రెండో. పుప్పొడి ఎక్కడి నుంచి కొట్టుకొచ్చినా సరే, ఆ చోటికి పనికిరానివి మొక్కగా ఉన్నప్పుడే పోతాయి, ప్రతి తరంలోనూ.

అయితే "చలి జీన్" అని ఒకటుందా అంటే లేదు. చిల్లర డబ్బులు పోగేసినట్టు వందలాది జన్యువులు తలా కాస్తా కలిపితే ఆ గుణం వస్తుంది, అందుకే వెతకడం ప్రాణాంతకం. దానికి తోడు ఈ చెట్ల జీనోమ్, అంటే మొత్తం డీఎన్ఏ, సైజు చూడు: 2013లో పైన్‌కి చుట్టమైన నార్వే స్ప్రూస్‌ది చదివితే సుమారు 2000 కోట్ల అక్షరాలు తేలాయి, మనిషిది 300 కోట్లే. అలాగని మనకంటే ఏడింతలు తెలివైన జన్యువులేం లేవులే, చాలావరకు తమని తామే కాపీ చేసుకుంటూ పోయిన ముక్కలు. ఇంత గందరగోళంలోనూ సామ్ యీమన్, శాలీ ఐట్కెన్ అనే శాస్త్రవేత్తల బృందం 2016లో ఒక సంగతి బయటపెట్టింది. లాడ్జ్‌పోల్ పైన్, ఇక్కడి స్ప్రూస్ విడిపోయి దాదాపు 14 కోట్ల ఏళ్ళైంది, అయినా వాతావరణానికి సర్దుకోవడంలో రెండూ 47 జన్యువుల్ని ఉమ్మడిగా వాడుకుంటున్నాయట. విడివిడిగా ఒకే దారి పట్టాయన్నమాట. ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది, నువ్వు వెక్కిరించినా సరే.

నార్వేవాళ్ళు ఇంకో తిరకాసు కనిపెట్టారు. స్ప్రూస్‌లో అదే తల్లి, అదే తండ్రి అయినా, గింజ తయారయ్యేటప్పుడు వెచ్చగా ఉంటే ఆ పిల్లలు మొగ్గ ఆలస్యంగా కడతాయి, చల్లగా ఉంటే ముందే కడతాయి. అంటే అంతా డీఎన్ఏ అక్షరాల్లోనే లేదు. ఉత్తరాది చెట్ల నుంచి విత్తనం ఎక్కువ రావాలని దక్షిణాన తోటలు పెట్టుకున్నవాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి.

ఇక జీతం సంగతికొస్తా. చెట్టు సర్దుకున్నది నిన్నటి చలికి. వేడి పెరుగుతోంది, చెట్టేమో లేచి నడవలేదు. ఇక్కడ ఏటా 20 కోట్లకి పైగా మొక్కలు నాటుతారు, అవి 60, 80 ఏళ్ళు నిలబడాలి. పాత పద్ధతి దగ్గరి అడవి విత్తనమే వాడటం. 2018 నుంచి ప్రభుత్వం పద్ధతి మార్చడం మొదలుపెట్టింది, దగ్గరా దూరమా అని కాకుండా వాతావరణం సరిపోతుందా లేదా అని చూసి విత్తనం ఎంచుతున్నారు. 2009లో మొదలైన ఒక ట్రయల్లో యూకాన్ నుంచి కాలిఫోర్నియా దాకా 48 చోట్ల ఇదే పరీక్షిస్తున్నారు. నన్నడిగితే చేయాల్సిన పనే, కానీ ఆత్రం పనికిరాదు. 2070 ఎండకి తగ్గ విత్తనం ఇవాళే పెట్టామనుకో, అది ముందు వచ్చే డిసెంబర్ చలి తట్టుకోవాలి కదా! అందుకే కొంచెం వెచ్చటి చోటి విత్తనమే తెస్తారు గానీ, ఒక్కసారిగా కాలిఫోర్నియా నుంచి దించెయ్యరు. ఆ కొంచెం అంటే ఎంత అన్నదానికే నాకు జీతం ఇస్తున్నారు, తెలిసిందా?

అమ్మకి మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. ఈసారి వరి ఏ రకం వేశావో కూడా చెప్పు, ఎందుకు వేశావో మరీ వివరంగా.

నీ
వాసు