డబ్బు కట్టాక చూపించే ఒప్పందం

సంపాదకుడు గారికి నమస్కారాలు.

బేగంబజార్, సుల్తాన్‌బజార్ ప్రాంతాల చిన్న దుకాణాలకు జీఎస్టీ లెక్కలు రాసిపెట్టడం, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం నా వృత్తి. దుకాణదారు ముందుగా డబ్బు కట్టి లైసెన్స్ కీ తీసుకుంటాడు. ఆ తర్వాత, ఇన్‌స్టలేషన్ సగంలో ఉండగా, నాలుగైదు వరుసలకు మించి కనిపించని చిన్న పెట్టెలో పొడవాటి ఇంగ్లిషు ఒప్పందం తెర మీదికి వస్తుంది. అంగీకరిస్తున్నట్టు టిక్ పెట్టనిదే 'నెక్స్ట్' బటన్ పనిచేయదు. వద్దనుకుంటే డబ్బు తిరిగి వస్తుందా అని అడిగితే, అమ్మినవారి దగ్గర సరైన జవాబు దొరకడం అరుదు. అందువల్ల ఆ టిక్ పడుతుంది; తరచుగా దుకాణదారు తరఫున నేనే పెట్టవలసి వస్తుంది. ఆయన చదవలేని భాషలో ఉన్న, ఆయన చూడనైనా చూడని షరతులకు ఆయన కట్టుబడిపోతున్నాడు.

ఆ షరతులు తేలికైనవి కావు. సాఫ్ట్‌వేర్‌ను ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నామని, లెక్కలన్నీ పోయినా తమ బాధ్యత కట్టిన ధరను మించదని, వివాదం వస్తే ఫలానా నగరంలోని కోర్టులోనే తేల్చుకోవాలని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. మదర్‌బోర్డు కాలిపోయి కొత్తది వేయించుకున్న ఒక దుకాణంలో, లైసెన్స్ పాత యంత్రానికే చెల్లుతుందంటూ యాక్టివేషన్ నిరాకరించారు. రిటర్ను గడువు దగ్గరపడిన సమయంలో ఆ వ్యాపారి పడిన ఆందోళన నేను కళ్లారా చూశాను. ఆ నిబంధన ఒప్పందంలో ఉన్న మాట నిజమే. కొనేముందు ఆయనకు ఎవరూ చెప్పలేదన్నదీ అంతే నిజం.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందాలను గుర్తించింది, వినియోగదారుడు తాను నివసించే చోటే ఫిర్యాదు చేసుకోవచ్చని చెప్పింది. స్వయం ఉపాధితో బతుకు గడుపుకోవడానికి కొనుక్కున్నవారికీ ఆ రక్షణ వర్తిస్తుంది. అయితే ఒప్పందమే అన్యాయమని వాదించాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ చాలదు, రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. హైదరాబాద్ వాళ్లకు అది దగ్గరే. కొన్ని వేల రూపాయల సాఫ్ట్‌వేర్ కోసం ఆదిలాబాద్ వ్యాపారి ఆ శ్రమ, ఆ ఖర్చు పెట్టుకుంటాడా?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి కోరే మాటలు సరళంగా ఉండాలి, వాటిని ఇంగ్లిషులో గాని రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గాని చదువుకునే వీలు ఉండాలి. కానీ ఇది వ్యక్తిగత డేటాకే పరిమితం. డబ్బు, బాధ్యత, కోర్టు పరిధి వంటి వాటిని నిర్ణయించే లైసెన్స్ ఒప్పందానికి ఆ నియమం లేదు. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు తెలుగులో ఫిర్యాదు చెప్పుకోగలిగిన మనిషికి, ఆ ఫిర్యాదుకు మూలమైన ఒప్పందాన్ని తెలుగులో చదివే హక్కు కూడా ఉండాలి.

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో 13 రకాల మోసపూరిత డిజిటల్ పద్ధతులను పేర్కొంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు తీసుకున్నాక షరతులు చూపించడాన్ని కూడా ఆ జాబితాలో స్పష్టంగా చేర్చాలని రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆ సంస్థకు లేఖ రాయాలని కోరుతున్నాను. ధర పక్కనే ఒక్క పేజీ తెలుగు సారాంశం ఉండాలి: ఎన్ని కంప్యూటర్లకు చెల్లుతుంది, యంత్రం మారిస్తే ఏమవుతుంది, లెక్కలు పోతే బాధ్యత ఎవరిది, వద్దనుకుంటే ఎన్ని రోజుల్లో డబ్బు వెనక్కి వస్తుంది అనేవి అందులో రాయాలి.

ఇట్లు,
ఒక అకౌంటెంట్,
కోఠి, హైదరాబాద్