మా తమ్ముడి నిద్రను సోమరితనం అనని అందరికీ

మా తమ్ముడికి ఉన్నది నార్కోలెప్సీ, అంటే పగలు కూడా ఆపుకోలేనంత నిద్ర ముంచుకొచ్చే జబ్బు అని బెంగళూరులో తేల్చి చెప్పారు. అందాకా మా వెంట నిలిచిన అనంతపురం వాళ్లందరికీ అమ్మానాన్నల తరఫున, నా తరఫున నమస్కారాలు.

మొదటి నమస్కారం వాడి ఫిజిక్స్ సార్‌కు. క్లాసులో కూర్చున్నోడు కూర్చున్నట్టే నిద్రపోతుంటే, రాత్రంతా ఫోన్ చూస్తాడని అందరూ అనుకున్నారు. సార్ ఇంకోటి కనిపెట్టారు. పగలబడి నవ్వితే చాలు, వాడి మోకాళ్లు సడలిపోయి, తల వాలి, మాట ముద్దయిపోయేది. కాసేపటికి మళ్లీ మామూలే. ఆ కాసేపట్లో పక్కవాళ్లు మాట్లాడిందంతా పొల్లుపోకుండా చెప్పేవాడు. "స్పృహ పోవడం లేదమ్మా. నరాల డాక్టరుకు ఈ మాట ముందు చెప్పండి" అని సార్ నాకు ఫోన్ చేశారు. అప్పటికే ఒకచోట ఫిట్స్ మందులు రాసిచ్చారు. తెల్లవారుజామున మెలకువొచ్చినా కాలూ చెయ్యీ ఆడవని, గుండెల మీద ఎవరో కూర్చున్నారని వాడు ఏడుస్తుంటే మా అవ్వ తాయెత్తు కట్టించింది. అది కూడా ఈ జబ్బు లక్షణాల్లో ఒకటేనట.

మన ఊరి డాక్టరమ్మకు ఎంత చెప్పుకున్నా తక్కువే. బయట అంతమంది కూర్చోనుండగా మా మాట ఆసాంతం విన్నారు. నిద్ర వేళలు రెండు వారాలు రాయమన్నారు, నవ్వి కూలబడేటప్పుడు వీడియో తీయమన్నారు. మెలకువను నిలబెట్టే ఒరెక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు మెదడులో నశించడం వల్ల ఇలా అవుతుందని నాన్నకు అర్థమయ్యేలా చెప్పారు. ఆ రోజు నుంచి నాన్న వాణ్ని ఒక్క మాట అనలేదు.

బెంగళూరులో రాత్రంతా నిద్ర పరీక్ష. మర్నాడు రెండు గంటలకోసారి పడుకోబెట్టి చూశారు. సగటున 8 నిమిషాల్లోపే నిద్రపట్టి, కనీసం రెండుసార్లు నేరుగా కలలొచ్చే నిద్రలోకి జారితే ఈ జబ్బని తేలుస్తారు. తలనిండా వైర్లతో బెదిరిపోయిన పిల్లోడికి కన్నడ యాసలో తెలుగు మాట్లాడి ధైర్యం చెప్పిన టెక్నీషియన్ అక్కా, నువ్వు చల్లగా ఉండాలి.

పూర్తిగా నయం కాదన్నారు. కానీ మందులతో, వేళకు తీసే చిన్న కునుకులతో బాగా సర్దుకోవచ్చు. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు పడుకోనిస్తున్న ప్రిన్సిపాల్ గారికి, బండి నడపకూడదని తెలిసి రోజూ ఎక్కించుకుపోతున్న వాడి స్నేహితులకు కృతజ్ఞతలు.

ఎవరింట్లోనైనా ఇలాంటి పిల్లలుంటే నాకు మెసేజ్ పెట్టండి. నిద్ర వేళలు రాసుకునే కాగితం పంపిస్తాను, డాక్టరు దగ్గరికి తోడు కావాలన్నా వస్తాను.