బోర్డు పెట్టలేని ఇల్లు

సంపాదకుల వారికి నమస్కారం.

విజయనగరంలో మేం ఐదుగురు ఆడవాళ్ళం కలిసి ఆరేళ్ళుగా ఒక ఇల్లు నడుపుతున్నాం. మొగుడు కొట్టి బయటికి గెంటేస్తే, పుట్టింటివాళ్ళు కూడా తలుపు తియ్యకపోతే, ఎక్కడికి పోవాలో తెలియని ముస్లిం ఆడవాళ్ళ కోసం పెట్టిన ఇల్లు అది. ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమని ఓనరు చెప్పారు. ఆరేళ్ళలో ఇది నాలుగో ఇల్లు. ఇవాళ్టికి అందులో తొమ్మిదిమంది ఆడవాళ్ళు, ఏడుగురు పిల్లలు ఉన్నారు.

ఓనరు మంచాయనే, రెండుసార్లు అద్దె ఆలస్యమైనా ఒక్కమాట అనలేదు. కానీ వీధిలోవాళ్ళు ఆయన్ని నిలదీశారట, ఆ ఇంట్లో అంతమంది ఆడవాళ్ళేంటి, రాత్రిపూట ఆటోలు ఆగడమేంటి, కనీసం ఒక బోర్డైనా లేదేంటి అని. ఆ మాటలు పడలేక, మా ఎదుట చెప్పడానికి మొహమాటపడి, కొడుకుతో ఫోన్ చేయించారు.

బోర్డు ఎందుకు లేదో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. మొదటి ఇంటికి బోర్డు పెట్టాం. ఆకుపచ్చ రంగు మీద తెల్లక్షరాలు, తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించాం, ఎంతో ముచ్చటపడ్డాం కూడా. మూడు నెలలకే ఒకమ్మాయి భర్త నలుగురిని వెంటేసుకుని రాత్రి పదిన్నరకి వచ్చి గేటు మీద రాళ్ళు వేశాడు. ఆ పిల్ల మేడమీదికి పరుగెత్తి నీళ్ళ ట్యాంకు వెనక నక్కింది, ఒళ్ళో పది నెలల బాబు, వాడు ఏడవకుండా నోటి మీద చెయ్యి. 112కి ఫోన్ చేశాం, పోలీసులు వచ్చారు, వాళ్ళు పారిపోయారు. తరవాత నేను పైకెళ్ళి చూస్తే ఆమె చెయ్యి ఇంకా తియ్యలేదు. నేనే వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను. తెల్లారగానే బోర్డు దింపేశాం, మళ్ళీ పెట్టలేదు. పెడితే వాళ్ళొస్తారు, పెట్టకపోతే వీధి అనుమానిస్తుంది. ఇంతే మా కథ, నాలుగిళ్ళలోనూ.

ప్రభుత్వం వేరే ఏర్పాట్లు చేసింది కదా, మళ్ళీ మీకెందుకు ఈ ప్రత్యేకమైన ఇల్లు అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆడవాళ్ళ కోసం 181 హెల్ప్‌లైను ఉంది, హింసకి గురైనవాళ్ళకి సాయం చేసే వన్ స్టాప్ సెంటర్ ఉంది, మేమే చాలామందిని అక్కడికి తీసుకెళ్ళాం, అక్కడి అమ్మాయిలు ఓపిగ్గా మాట్లాడతారు. అయితే అక్కడ ఉండనిచ్చేది ఐదు రోజులు. ఆ తరవాత శక్తి సదన్ అనే ప్రభుత్వ ఆశ్రయ గృహానికి పంపుతారు, అక్కడ మగపిల్లలకి వయసు పరిమితి ఉంటుంది. పదమూడేళ్ళ కొడుకున్న తల్లి వాణ్ణి ఎక్కడో బాలల హోంలో వదిలి తనొక్కత్తే లోపలికి వెళ్ళదు. కొట్టినవాడి దగ్గరికే తిరిగి వెళ్ళిపోతుంది. అలా వెళ్ళిపోయినవాళ్ళని నేను కళ్ళారా చూశాను. మా ఇంట్లో ముందుగదికి చెక్క తడిక కట్టించి పెద్ద మగపిల్లల్ని అటువైపు పడుకోబెడుతున్నాం. గోషా పాటించేవాళ్ళకీ ఇబ్బంది లేదు, పిల్లలు తల్లికి దూరం కావడమూ లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు మా జనం చాలా తక్కువ. ఎవరిని కదిపినా ఎక్కడో ఒక చుట్టరికం తగులుతుంది. ఒకావిడ గోడు చెప్పుకుందామని పెద్దల దగ్గరికి వెళితే అక్కడ కూర్చున్న పెద్దమనిషి ఆమె భర్తకి మేనమామ అయ్యుంటాడు. "సర్దుకుపో అమ్మా, ఇజ్జత్ (పరువు) పోతుంది" అంటాడు. అందుకే ఆమెకి చుట్టాలు లేని గడప కావాలి, కానీ ఆ గడపలో జానమాజ్ చాప పరుచుకుని నమాజ్ చదువుకోగలగాలి, రంజాన్‌లో తెల్లవారకముందే తినే సహరీకి లేస్తే పొయ్యి వెలిగి ఉండాలి, విడాకుల తరవాతో భర్త పోయాకో పాటించే ఇద్దత్ రోజులు ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా గడపగలగాలి. అంతకంటే వాళ్ళు కోరేది ఏమీ లేదు. మేం మాత్రం గేటు దగ్గర మతం అడగం. ఇప్పుడున్న తొమ్మిదిమందిలో ఇద్దరు హిందువులు. అందులో పార్వతీపురం వైపు నుంచి వచ్చినావిడ పోయిన రంజాన్‌లో అందరికంటే ముందే లేచి టీ పెట్టేది.

గత ఏడాది శ్రీకాకుళం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. భర్త ఫోన్లో వాయిస్ మెసేజ్‌లో మూడుసార్లు తలాక్ అని పంపాడు. నికానామా (పెళ్ళి పత్రం) మడతపెట్టి పాప టీకాల కార్డు కవర్లో దాచుకుని తెచ్చుకుంది. తన పని అయిపోయిందనే అనుకుంది. అలాంటి తలాక్ చెల్లదని, చెప్పినవాడికి మూడేళ్ళ దాకా జైలు పడొచ్చని 2019 చట్టం చెప్తోంది. ఆ మాట చెప్తే ఆ పిల్ల కంగారుపడిపోయింది, "ఆయన జైలుకెళ్తే పిల్లల ఫీజులెవరు కడతారు ఆపా (అక్కా)?" అంది. అదే చట్టం కింద తనకీ పిల్లలకీ ఖర్చులు ఇప్పించమని మేజిస్ట్రేటుని అడగొచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు. విడాకులైన ముస్లిం మహిళ కూడా అందరి ఆడవాళ్ళలాగే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 (ఇప్పుడు దాని బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 144) కింద మనోవర్తి అడగొచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, అదీ తెలియదు. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుందన్న సంగతైతే మా ఇంటికొచ్చేవాళ్ళలో నూటికి ఒక్కరికి తెలిస్తే గొప్ప.

చట్టాలు లేవని నేను అనను. గృహహింస చట్టం 2005లోనే వచ్చింది, కొట్టినవాడినే ఇంట్లోంచి బయటికి పంపే అధికారం మేజిస్ట్రేటుకి ఉంది, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలనీ అందులోనే రాసుంది. కానీ వాయిదాలు పడతాయి. వాయిదాకీ వాయిదాకీ మధ్య ఆమె ఎక్కడ పడుకోవాలి? కోర్టు కాగితాలు ఏ అడ్రసుకి రావాలి? మేం ఇల్లు మారినప్పుడల్లా ఆధార్‌లో అడ్రసు, పిల్లల బడి, బ్యాంకు ఖాతా, లాయరు దగ్గరున్న కాగితాలు అన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. ఒక పాప ఉంది, రెండో తరగతి. పడుకునేటప్పుడు బడి సంచి సర్దుకుని తల కింద పెట్టుకుంటుంది. ఎందుకే అంటే "పొద్దున్నే వెళ్ళిపోమంటే" అంది.

డబ్బు సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్తాను. మా వాళ్ళు చెయ్యి వెనక్కి పెట్టేవాళ్ళు కాదు. రంజాన్‌లో జకాత్ వస్తుంది, అంటే ఉన్నవాళ్ళు తప్పనిసరిగా చెయ్యాల్సిన దానం, మిగులు సొమ్ములో నూటికి రెండున్నర లెక్కన తీసి బియ్యం, బట్టలు, నగదు ఇస్తారు. అయితే జకాత్ నేరుగా బీదవాళ్ళ చేతికి అందాలి, దాన్ని అద్దెలకీ కట్టడాలకీ వాడకూడదని మా ఉలమాల్లో (మత పండితుల్లో) చాలామంది చెప్తారు, మేమూ దాన్ని తప్పం. కాబట్టి ఆడవాళ్ళ తిండికీ మందులకీ పిల్లల ఫీజులకీ జకాత్ సరిపోతుంది, తల మీద కప్పుకి సరిపోదు. నెలకి 14,000 అద్దె, కరెంటు బిల్లు, వంటమనిషి జీతం విడిగా వచ్చే సదకా, అంటే ఇష్టపడి ఇచ్చే దానం మీదే నడవాలి. బక్రీద్ దాటాక ఆ సదకా తగ్గిపోతుంది, ఇక మా టెన్షన్ మొదలవుతుంది. నాకొచ్చే టీచరు పింఛన్లో సగం అక్కడికే పోతోంది. అది నా ఇష్టంతో చేస్తున్నదే, దానికి నాకు బాధ లేదు. నేనున్నంతకాలమే నడిచే ఇల్లు కాకూడదు అన్నదే నా బాధ.

మన ఊళ్ళో ఘోషాసుపత్రి ఉంది. నలుగురిలోకి రాని ఆడవాళ్ళు కూడా వచ్చి వైద్యం చేయించుకోవాలనే దానికి ఆ పేరు. వాళ్ళు రాలేకపోతే అది వాళ్ళ తప్పని వదిలెయ్యకుండా, వాళ్ళు రాగలిగే తలుపు పెట్టారు అప్పటివాళ్ళు. బాబామెట్ట దర్గాలో అన్నదానానికి కూర్చున్నవాళ్ళని ఏ మతమని ఎవరూ అడగరు. అలాంటి ఊరు ఈ తొమ్మిదిమందికి ఒక ఇల్లు చూపించలేదంటే నేను నమ్మను.

కాబట్టి అడుగుతున్నాను. వక్ఫ్ అంటేనే దేవుడి పేరు మీద మంచిపనికి రాసిచ్చిన ఆస్తి, అందులో వాడకుండా పడున్న ఇల్లు ఏదైనా ఉంటే పదేళ్ళ లీజుకి ఇవ్వండి, అద్దె కడతాం, మరమ్మతులు మేమే చేయించుకుంటాం. వక్ఫ్‌లో లేకపోతే మున్సిపల్ కార్పొరేషన్ ఖాళీ భవనమైనా ఫరవాలేదు. అది తేలడానికి నెలలు పడుతుందని తెలుసు. ఈలోగా మాకు మూడు గదులు, రెండు బాత్‌రూములు, ఎత్తైన ప్రహరీ ఉన్న ఇల్లు అద్దెకి కావాలి, ప్రభుత్వ బడి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటే పిల్లలకి సుఖం. ఇల్లున్నవాళ్ళు మీ పత్రిక విజయనగరం ఆఫీసులో చెప్తే నేనే వచ్చి కలుస్తాను. చుట్టుపక్కలవాళ్ళకి మేం ఎవరమో ఇంటింటికీ వెళ్ళి ముందే చెప్తాను, టీచరమ్మగా ఈ ఊళ్ళో నన్ను ఎరిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. బోర్డు మాత్రం పెట్టలేం, క్షమించాలి.

— ఒక రిటైర్డ్ టీచరు, విజయనగరం
(ఆ ఇంటి క్షేమం కోసం నా పేరు, చిరునామా అచ్చు వెయ్యవద్దని మనవి)