ఆ యాప్‌ను నిద్రపుచ్చమని నేను చెప్పలేదు

సంపాదకులకు నమస్కారం.

ఫోన్ చార్జింగ్ ఎక్కువసేపు రావాలంటే వెనకాల నడిచే యాప్‌లన్నీ ఎప్పటికప్పుడు మూసేయండి అన్న చిట్కా పత్రికల్లో తరచూ చూస్తుంటాను. మా ఇంట్లో దాన్ని తు.చ. తప్పకుండా పాటించేది మా వారు. ఎవరి ఫోన్ చేతికొచ్చినా ముందు ‘క్లియర్ ఆల్’ నొక్కుతారు. ఇల్లు ఊడ్చినంత తృప్తి ఆయనకి. ఈ ఉత్తరం ఆ అలవాటుతో మొదలవుతుంది గానీ తప్పు ఆయనది కాదు.

మా పాపకి తొమ్మిదేళ్లు. టైప్ 1 షుగర్. చేతికి బొత్తాం అంత సెన్సర్ అంటించి ఉంటుంది. ఐదు నిమిషాలకోసారి అది షుగర్ ఎంతుందో బ్లూటూత్ ద్వారా నా ఫోన్‌కి పంపుతుంది. 70 కంటే కిందికి దిగితే ఫోన్ మోగాలి. ఆ మోత మీద నమ్మకంతోనే నేను రాత్రిళ్లు కన్ను మూస్తాను. అది రాకముందు మూడు గంటలకోసారి లేచి, నిద్రలో ఉన్న పిల్ల వేలికి సూది గుచ్చేదాన్ని.

ఈమధ్య ఒక రాత్రి ఫోన్ మోగలేదు. పాపే లేచొచ్చి నా భుజం తట్టింది. “అమ్మా, చేతులు వణుకుతున్నాయి” అంది. గౌను చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. స్ట్రిప్ మీద చూస్తే 52. గ్లూకోజ్ నీళ్లు తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూసి, 80 దాటాక గానీ నా చేతుల వణుకు తగ్గలేదు.

అప్పుడు యాప్ తెరిచాను. గ్రాఫ్ మీద చుక్కలు ఒంటిగంటా ఇరవై దాకా వరసగా ఉన్నాయి. ఆ తర్వాత ఖాళీ. చూస్తుండగానే ఆ ఖాళీలో ఒక్కో చుక్కా వచ్చి పడసాగింది. సెన్సర్ ఆ లెక్కలన్నీ తన దగ్గరే దాచుకుని, యాప్ కళ్లు తెరవగానే అప్పజెప్పింది. 91, 84, 77. రెండు గంటల దగ్గర 68. పాప నన్ను లేపింది రెండూ నలభైకి. ఆ నలభై నిమిషాలూ నా దిండు పక్కన ఫోన్ హాయిగా నిద్రపోయింది.

ఆ రాత్రి మా వారు ‘క్లియర్ ఆల్’ నొక్కలేదు. రెండుసార్లు అడిగి తేల్చుకున్నాను, కాస్త గట్టిగానే. బ్యాటరీ మిగల్చడానికి ఫోనే ఆ యాప్‌ని ఆపేసింది. ఒళ్లు మండించే సంగతి ఇంకోటుంది. అదే రాత్రి ఒంటిగంటా నలభై అయిదుకి ఒక షాపింగ్ యాప్ నుంచి డిస్కౌంట్ మెసేజ్ మాత్రం ఠంచనుగా వచ్చి కూర్చుంది.

ఎందుకలా అని ఆరా తీస్తే తెలిసింది. డిస్కౌంట్ మెసేజ్ రావడానికి ఆ యాప్ నడుస్తూ ఉండక్కర్లేదు. ఎక్కడో ఉన్న సర్వర్ తలుపు తడుతుంది, ఫోన్ దాన్ని చూపిస్తుంది. పిల్ల చేతి మీది సెన్సర్ మాటలు వినాలంటే యాప్ మెలకువగా ఉండాలి. మెలకువగా ఉండే యాప్ ఫోన్ దృష్టిలో దుబారా మనిషి.

ఇది ఇవాళ్టి పద్ధతి కాదు. 2010లో ఐఫోన్‌కి మల్టీటాస్కింగ్, అంటే ఒకేసారి పలు యాప్‌లు నడిచే వీలు, తెచ్చినప్పుడు సంగీతం, ఇంటర్నెట్ కాల్స్, లొకేషన్ వంటి ఏడు రకాల సేవలకే దారి ఇచ్చారు. వాడేవాళ్లకి టాస్క్ మేనేజర్, అంటే నడుస్తున్న యాప్‌లను చూసి మూసుకునే జాబితా, కనబడిందంటే తయారు చేసినవాళ్లు చెడగొట్టినట్టే అన్న అర్థంలో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ అప్పట్లో మాట్లాడారు. ఆండ్రాయిడ్ మొదట్లో చేతులు వదిలేసినా, 2015లో ‘డోజ్’ తెచ్చింది. చార్జర్‌కి పెట్టకుండా, తెర ఆరిపోయి, కదలకుండా పడి ఉన్న ఫోన్‌లో యాప్‌ల పనిని అది వాయిదా వేస్తుంది. మంచం పక్కన రాత్రిపూట ఫోన్ ఉండే తీరు సరిగ్గా అదే కదా! అయినా నోటిఫికేషన్ పట్టీలో ఎప్పుడూ కనబడుతూ పనిచేసే యాప్‌కి గూగుల్ ఇచ్చే మూల ఆండ్రాయిడ్‌లో కొంత మినహాయింపు ఉంది. దాని మీద కొన్ని ఫోన్ కంపెనీలు తమ సొంత పొదుపు పొర ఇంకోటి వేస్తాయి. మా పాప యాప్ చిక్కుకున్నది అందులోనే.

నా మొదటి నోకియా ఫోన్‌లో మెనూ బటన్ నొక్కి పట్టుకుంటే నడుస్తున్నవన్నీ వరసగా కనబడేవి. అక్కర్లేనిది సి బటన్‌తో మూసేసేదాన్ని. ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు. ఇప్పుడు రీసెంట్స్‌లో, అంటే ఈమధ్య తెరిచిన యాప్‌ల వరసలో, కనబడేవి చాలావరకు బొమ్మలే. వెనక యాప్ ఎప్పుడో ఆగిపోయి ఉన్నా దాని బొమ్మ అక్కడ ముచ్చటగా నిలబడి ఉంటుంది. పడుకునే ముందు నేను చూసుకుని ధైర్యం తెచ్చుకున్నది ఆ బొమ్మనే.

సెట్టింగ్ ఉంది కదా అంటారు. ఉంది. ఒకటి కాదు, మూడు. బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయాలి, యాప్ తనంతట తానే మొదలయ్యే ‘ఆటోస్టార్ట్’ ఆన్ చేయాలి, రీసెంట్స్‌లో తాళం వేయాలి. మూడూ మూడు చోట్ల. ఇంకో కంపెనీ ఫోన్‌లో పేర్లు వేరు. ఇవన్నీ చేసి నిశ్చింతగా ఉంటే తర్వాతి అప్‌డేట్‌తో అందులో రెండు మళ్లీ మొదటికొచ్చాయి. కస్టమర్ కేర్ వాళ్లు రీస్టార్ట్ చేయమన్నారు.

అన్ని యాప్‌లకీ పగ్గాలు వదిలేయమని నేననడం లేదు. అలా వదిలిన రోజుల్లో మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోయేది, నాకు గుర్తే. వెనకాల దాక్కుని మనం ఎక్కడ తిరుగుతున్నామో కనిపెట్టే యాప్‌లూ ఉన్నాయి, వాటిని ఆపాల్సిందే. మామూలుగా ఫోన్ ఇష్టప్రకారమే నడవనీయండి. కానీ ‘దీన్ని ఆపొద్దు’ అని నేను ఒక యాప్ మీద వేలు పెట్టి చెబితే ఆ మాట అన్ని పొరలకీ వినబడాలి, అప్‌డేట్ తర్వాత కూడా నిలవాలి. ప్రతి యాప్ ఆ అనుమతి కోసం ఎగబడుతుందంటే, రెండో మూడో యాప్‌లకే ఇస్తామనండి, ఒప్పుకుంటాను. దానివల్ల ఎంత చార్జింగ్ ఖర్చవుతుందో పక్కనే చూపించండి, భరిస్తాను. తప్పనిసరై ఆపేస్తే మాత్రం చప్పుడు చేసి ఆపాలి. ఆ రాత్రి ‘నేనిక వినడం లేదు’ అని ఫోన్ ఒక్క కూత కూసి ఉంటే నేను పాత పద్ధతిలో అలారం పెట్టుకుని లేచేదాన్ని.

ప్రస్తుతానికి పాత ఫోన్ ఒకటి ఈ పనికే కేటాయించాం. దాన్ని ఎప్పుడూ చార్జర్‌కే పెట్టి ఉంచుతాం, అందులో ఇంకే యాప్ లేదు, మా వారు దాన్ని ముట్టుకోరు. మూడు రోజులుగా అప్‌డేట్ చేయమని అడుగుతోంది. ఇంకా నొక్కలేదు. ఆదివారం పగలు, పాప మెలకువగా ఉన్నప్పుడు చేద్దామని ఆగాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు