ఆ చీటీ ఒక్కటి రాసివ్వండి

సంపాదకులకు నమస్కారం.

2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయినప్పుడు పేపర్లన్నీ రాశాయి. ఆ కల్లుకు అలవాటుపడ్డ ఆడవాళ్లు జైలుకొస్తే ఏమవుతుందో నేను చూశాను.

స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. చివరి కొన్నేళ్లు ఒక జైల్లో, ఆడవాళ్ల బ్యారక్‌లో డ్యూటీ. చిన్న దొంగతనం కేసులో ఒకామె రిమాండుకొచ్చింది. రెండోరోజు రాత్రి చేతులు వణికి గ్లాసు పట్టుకోలేకపోయింది. చీర మీద లేని చీమల్ని దులుపుకుంటూ కూర్చుంది. నాటకాలన్నారు సిబ్బంది. తెల్లారేసరికి ఫిట్స్. 2015లో కల్లు దుకాణాలపై దాడులు జరిగినప్పుడు మా పాలమూరు ఆసుపత్రిలో మంచాలన్నీ ఇలాంటివాళ్లతోనే నిండాయి, అందుకే పోల్చుకోగలిగాను. కల్లులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తుమందు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు చూస్తుండగా మెల్లమెల్లగా తగ్గించాలి.

కాస్త కోలుకున్నాక నా చెయ్యి పట్టుకుంది. "కల్లు పైసల కోసం పోతుంటి నర్సమ్మా. మత్తుల ఎవరొచ్చిండ్రో, ఏం జేసిండ్రో తెల్వదు." తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి ఆర్నెల్లుగా ఉన్నాయట. వచ్చినరోజే డాక్టరుకు ఎందుకు చెప్పలేదంటే, "పోలీసామె పక్కనే నిలబడె, ఎట్ల చెప్పాలె?" అంది. పరీక్ష చేస్తే సిఫిలిస్ అనే సుఖవ్యాధి కూడా బయటపడింది. మొదట్లోనే పట్టుకుంటే ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో పోయే జబ్బు! అదే గర్భిణికి ఉంటే బిడ్డకూ సోకుతుంది.

హెచ్ఐవీ నెగెటివ్ వచ్చింది. కొత్తగా సోకితే వెంటనే బయటపడకపోవచ్చు, మూడు నెలలకు మళ్లీ చేయాలి. ఈలోపే బెయిలొచ్చింది. ఆరోజు నాకు సెలవు. తేదీ చెప్పినవాళ్లు లేరు, ఆమె మళ్లీ కనపడలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం పరీక్షకు మనిషి ఒప్పుకోవాలి, ఫలితం గుట్టుగా ఉంచాలి. పదిమందిలో నిలబెట్టి అడిగితే ఆ గుట్టు ఎక్కడుంటుంది? వచ్చినరోజే లేడీ డాక్టరో నర్సో తలుపేసి, కల్లు ఎంత తాగుతావమ్మా, ఇబ్బందులేమున్నాయని నింపాదిగా అడగాలి. వెళ్లేరోజు రెండో పరీక్ష తేదీ, సుఖవ్యాధులకు చూసే దగ్గర్లోని సురక్ష క్లినిక్, మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 రాసిన చీటీ ఇవ్వాలని జైళ్లశాఖను వేడుకుంటున్నాను. ఆ చీటీ మీద జబ్బు పేరు వద్దు, ఇంట్లోవాళ్ల కంటపడుతుంది. చదువు రాకపోయినా కొంగున ముడేసుకుని తీసుకెళ్తారు, ఆసుపత్రిలో చూపిస్తే అక్కడివాళ్లే చదువుకుంటారు.

- ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్